ఇంజనుకు పోసిన మందు

హెబ్రోనుకు దయ్యం పట్టిందని విడవలూరంతా నమ్మింది. పందెపు కారు మెకానిక్కుగా మద్రాసు దాకా పేరు మోసిన మనిషి ఒక్కసారిగా నిద్ర మానేశాడు. చేతుల మీద పురుగులు పాకుతున్నాయని గోళ్ళతో తోలు చీరుకున్నాడు. కన్నకూతురు పుష్పకుమారిని చూసి ఈ పిల్లెవరని అడిగాడు. చివరికి ఒకనాడు ఇంటి కప్పెక్కి, కింద ఉన్నది సముద్రమనుకొని దూకాడు. అతని తల్లి రెబెక్కమ్మ ఉపవాసం పట్టింది. సంఘం పెద్దలు నూనె రాసి ప్రార్థన చేద్దామన్నారు. భార్య నవోమి మాత్రం ఎవరి మాటా చెవిన పెట్టకుండా, మద్రాసు నుంచి వచ్చిన తన అన్న విజయభాస్కర్‌ను తోడు తీసుకొని, అతన్ని నెల్లూరు మిషను ఆసుపత్రికి చేర్చింది. అక్కడ అతన్ని మంచానికి కట్టేయడం చూసి ఆమె గోడకు చేరగిలబడిపోయిన చోట పోయినవారం మనం ఆగాం.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు ఎలిశబెతు గారు నవోమిని వరండాలోకి పిలిచారు. ఆమెకు యాభై దాటి ఉంటాయి. కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంటూ మాట్లాడారు.

"ఇది దయ్యం కాదమ్మా. సారా తాగినవాడి వెర్రి కూడా కాదు. ఏదో విషం లోపలికి పోయింది. నిన్న రాత్రి మీ అన్ననీ నిన్నూ అడిగాను, పనిలో ఏం ముట్టుకుంటాడు, ఏం పీలుస్తాడు అని. మీరిద్దరూ తెలియదన్నారు. అదేదో తెలిస్తే నాకొక దారి దొరుకుతుంది. తెలియకుండా నేను చేసేదంతా చీకట్లో తడుముకోవడమే. అతని గుండె ఎక్కువసేపు తట్టుకునేట్టు లేదు."

నవోమి కొంగు నోట్లో కుక్కుకొని నిలబడింది. అప్పుడామెకు ఒక వాసన గుర్తుకొచ్చింది.

హెబ్రోను చొక్కాలకు ఉండే వాసన అది. తియ్యగా, మగ్గిన పండులాగా ఉండేది. ఎంత ఉతికినా పోయేది కాదు. ఎవతె దగ్గర అత్తరు పూసుకొచ్చావని ఆమె ఒకరోజు అన్నం కంచం ముందు నుంచి లాగేసింది కూడా. అతను పగలబడి నవ్వాడు. "పిచ్చిదానా, అది ఇంజనుకు పోసే మందే. అయ్యగారి కారు తాగే మందు," అన్నాడు. ఆమె ఆ మాట నమ్మలేదు. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

అన్నతో ఈ మాట చెబుదామంటే విజయభాస్కర్ అక్కడ లేడు. పుష్పకుమారిని చూసి వస్తానని తెల్లవారుజామునే విడవలూరు వెళ్ళాడు. నవోమి ఇంక ఆగలేదు. డాక్టరు గారికి చెప్పి, అయ్యగారి ఊరు కొడవలూరుకు బస్సెక్కింది.

*

పద్మనాభయ్య గారి బియ్యపు మిల్లు రోడ్డు పక్కనే ఉంటుంది. మిల్లు వెనక రేకుల షెడ్డు. ఆ షెడ్డులో ఉండేది ఎర్రటి రెండు సీట్ల కారు. ఇంగ్లండుకు తిరిగి వెళ్ళిపోతున్న ఒక టీతోటల దొర దగ్గర పద్మనాభయ్య దాన్ని కొన్నాడు. నలభై ఏళ్ళు వచ్చినా, ఇంత మాగాణి ఉన్నా, ఆ కారు దగ్గర మాత్రం ఆయన పసివాడే. ఏటా మద్రాసు దగ్గర పాత విమానాశ్రయ మైదానంలో జరిగే పందెంలో దాన్ని ఉరికించడానికే బతుకుతున్నట్టుండేవాడు.

ఆ కారును ఉరికించినవాడు హెబ్రోను. ఇంజను తలకాయను గీయించి, లోపలి జాగా తగ్గించి, గాలీ పెట్రోలూ మరింత బిగువుగా నలిగేట్టు చేశాడు. బిగువు పెరిగితే వేగం పెరుగుతుంది. కానీ మన బంకుల్లో దొరికే పెట్రోలు ఆ బిగువుకు ఆగదు. మంట పుట్టాల్సిన క్షణానికి ముందే అంటుకొని, లోపల ఎవరో సుత్తితో కొడుతున్నట్టు కొడుతుంది. కిందటేడు పందెంలో అలాగే కొట్టి కొట్టి పిస్టనుకు చిల్లుపడింది. ఆక్టేను, అంటే ఆ బిగువుకు తట్టుకునే శక్తి, ఎక్కువున్న పెట్రోలు కావాలన్నారు మద్రాసువాళ్ళు. అది దొరకని చోట, ఉన్న పెట్రోలులోనే కలిపి ఆక్టేను పెంచే మందు ఒకటి ఉందన్నారు. ఆ తర్వాతే హెబ్రోను చొక్కాలకు ఆ వాసన మొదలైంది.

నవోమి షెడ్డు దగ్గరకు వెళ్ళేసరికి తలుపు బార్లా తీసి ఉంది. పద్మనాభయ్య బానెట్టు మూసి, దాని మీద చెయ్యి వేసి, వింటున్నాడు. ఇంజను తిరుగుతోంది. ఆమెను చూసి ఆపేశాడు.

"రా నవోమీ. హెబ్రోను ఎట్టా ఉండాడు? నేనే వద్దామనుకుంటా ఉండా. ఈ పందెం ఒకటి నెత్తి మీదికొచ్చె. మాపటికి మద్రాసు బయల్దేరాల."

"ఆయన్ని మంచానికి కట్టేసినారయ్యా."

పద్మనాభయ్య గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "అయ్యో పాపం. ఇంట్లో బియ్యం ఉండాయా? మిల్లులో చెప్పి పంపిస్తాలే."

"నేను బియ్యానికి రాలేదు. ఇంజనులో కలిపే మందు ఏందో చెప్పండి. డాక్టరమ్మకు కావాల."

"ఏం మందు?"

"తియ్యటి వాసన వచ్చే మందు."

"అది పెట్రోలు వాసన మే. పెట్రోలు అట్టనే ఉంటది."

"పెట్రోలు వాసన నాకు తెలుసు. నేను పెళ్ళి చేసుకునింది మెకానిక్కునే."

పద్మనాభయ్య ముఖంలో మెత్తదనం పోయింది. గొంతు మాత్రం పెంచలేదు. పనివాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆయన గొంతు పెంచడు. పెంచాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

"చూడు నవోమీ, నీ బాధ నాకు తెలుసు. బాధలో మనిషి ఏదేదో అనుకుంటాడు. హెబ్రోను ఈమధ్య తాగతా ఉన్నాడని మిల్లులో అందరూ అంటా ఉన్నారు. నీతో చెప్పి ఉండడు. డాక్టరమ్మకు ఆ మాట చెప్పు. ఆమె దానికి తగ్గ మందిస్తది."

హెబ్రోను తాగడు. తాగి చచ్చిన తండ్రిని చూసి, చిన్నప్పుడే బైబిలు మీద చెయ్యేసినవాడు. ఆ సంగతి ఈ మనిషికి తెలుసు. కిందటి క్రిస్మసుకు మిల్లువాళ్ళందరికీ సారా పోయించి, హెబ్రోనుకు మాత్రం సోడా తెప్పించింది ఈయనే. తెలిసే అంటున్నాడు. రేపు హెబ్రోను చనిపోతే ఊరంతా చెప్పుకోబోయే మాటను ఇప్పుడే తయారు చేసి పెడుతున్నాడు.

ఆమెకు ఒళ్ళంతా మండింది. జాకెట్లు కుట్టుకొని బతికే నవోమి నోటికి విడవలూరులో మొగవాళ్ళు కూడా జడుస్తారు. కానీ అప్పుడామె తిట్టలేదు. నడిచి వెళ్ళి, కారు తలుపు తీసి, స్టీరింగు ముందు కూర్చుంది. తలుపు వేసుకుంది.

పద్మనాభయ్య ఒక్క క్షణం అర్థం కానట్టు చూశాడు. ఆ కారులో ఆయన తోబుట్టువులు కూడా ఎప్పుడూ కూర్చోలేదు. మిల్లులో పనిచేసే మాలపల్లెవాళ్ళు దాన్ని తాకడానికే వెనకాడేవాళ్ళు.

"దిగు."

"ఆ మందు ఏందో చెప్పేదాకా దిగను."

"నవోమీ, మర్యాదగా చెప్తా ఉండా."

"నేనూ మర్యాదగానే కూర్చోనుండా. మీ కారుకి నేనేం చెయ్యను. మీరు చెప్పండి, దిగిపోతా."

మిల్లు ఆగింది. ఎవరు ఆపారో తెలియదు. తవుడు దుమ్ము కొట్టుకున్న మొహాలతో కూలీలు ఒక్కొక్కరే షెడ్డు ముందుకు వచ్చి నిలబడ్డారు. పద్మనాభయ్య వాళ్ళవైపు చూసి, "ఏంది చూస్తా ఉండారు, పనులు లేవా," అన్నాడు. ఎవరూ కదల్లేదు.

"పోలీసుల్ని పిలిపిస్తా," అన్నాడు.

"పిలిపించండి. వాళ్ళనీ ఇదే అడగతా. పద్మనాభయ్య గారు నా మొగుడి చేత ఏం కలిపించినారో కనుక్కొని చెప్పమంటా."

ఆయన కారు దగ్గరికి రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఆడమనిషిని, అదీ కూలీలందరి ముందు, చెయ్యి పట్టి లాగలేడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

*

ఎవరో లోపలికి వెళ్ళి చెప్పినట్టున్నారు. మిల్లును ఆనుకొని ఉన్న ఇంట్లోంచి ఆదిశేషమ్మ గారు వచ్చింది. పద్మనాభయ్య తల్లి. డెబ్బై దగ్గర పడిన మనిషి, తెల్లచీర, చేతిలో ఊతకర్ర. కూలీలు దారి ఇచ్చారు. ఆమె కారు దాకా వచ్చి, అందులో కూర్చున్న నవోమిని పైనుంచి కిందికి చూసింది.

"ఏందిమే ఇది? ఎవురి సీట్లో కూర్చున్నావో తెలుసా నీకు?"

"తెలుసమ్మా."

"మరెందుకు కూర్చున్నావు?"

నవోమి చెప్పింది. నిద్ర మానేయడం దగ్గర్నుంచి, పురుగులు, కూతుర్ని మరిచిపోవడం, కప్పు మీంచి దూకడం, డాక్టరమ్మ మాట, చొక్కాల వాసన. ఏడవకుండా చెప్పింది. చెప్పడం అయ్యాక, "ఆ మందు పేరు ఒక్కటి చెప్తే నా మొగుడు బతకొచ్చునంట. ఈయన అది పెట్రోలంటున్నాడు, నా మొగుడు తాగుబోతంటున్నాడు," అంది.

ఆదిశేషమ్మ కొడుకు వైపు తిరగలేదు. షెడ్డు వైపు చూస్తూ నిలబడింది.

"పద్మనాభం, ఆ రోజు హెబ్రోనుని అన్నానికి పిలుద్దామని నేను ఈ షెడ్డు దగ్గరికొచ్చినా. గుర్తుందా? తలుపులు మూసుండాయి. నేను తలుపు నెడితే నువ్వు ఉరుక్కుంటా వచ్చి, నా రెక్క పట్టుకొని ఈ వేపచెట్టు దాకా లాక్కొచ్చినావు. నాకు చెయ్యి కమిలిపోయింది. లోపలికి రావద్దమ్మా, ఆ గాలి మంచిది కాదన్నావు."

పద్మనాభయ్య గుడ్డతో బానెట్టు తుడవసాగాడు.

"నాకు మంచిది కాని గాలి హెబ్రోనుకి ఎట్టా మంచిదయిందిరా?"

పద్మనాభయ్య తల్లి ముఖంలోకి చూడలేక, కారు ముందుచక్రం వైపు చూస్తూ చెప్పాడు.

"అది సీసం కలిసిన మందమ్మా. యుద్ధం అప్పుడు విమానాల పెట్రోల్లో కలిపేవాళ్ళంట. యుద్ధం అయిపొయ్యి ఇన్నేళ్ళయినా మద్రాసు రేవు పక్కన ఒక గోదాములో పీపాలు మిగిలుండాయి. బొట్లు బొట్లుగా కలిపితే చాలు, ఇంజను కొట్టడం ఆగిపోతది."

"విషమా?"

"విషమే. తోలుకి తగిలినా లోపలికి పోతది. గాలి పీల్చినా పోతది."

"తలుపులు మూసి ఎందుకు కలిపించినారు?" నవోమి అడిగింది. "గాలి విషమని తెలిసీ తలుపులు ఎందుకు మూసినారు?"

"గోదాములోంచి ఎవురికీ తెలియకుండా తెచ్చిన సరుకు. నలుగురూ చూస్తే..."

"ఎవురు తెచ్చినారు?"

పద్మనాభయ్య ఈసారి ఆమె వైపు సూటిగా చూశాడు. ఆ చూపులో ఇందాకటి జంకు లేదు. దెబ్బ తిన్నవాడు తిరిగి కొట్టే ముందు చూసే చూపు అది.

"మీ అన్న. విజయభాస్కర్. ఆ గోదాములో గుమాస్తా పనిలో అతన్ని చేర్పించింది నేనే గదా. నేనడిగితే కాదనలేదు. అది విషమని నాకు చెప్పింది కూడా అతనే."

నిన్న రాత్రి ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మాట నవోమి చెవుల్లో మోగింది. ఏం ముట్టుకుంటాడు, ఏం పీలుస్తాడు. అన్న ఆమె పక్కనే నిలబడి ఉన్నాడు. హెబ్రోను కాళ్ళు పట్టుకొని మంచం మీద పడుకోబెట్టింది అతనే. బావా, బావా అని ఏడ్చింది అతనే. డాక్టరమ్మ అడిగినప్పుడు, మాకేం తెలియదమ్మా అన్నదీ అతనే.

"అబద్ధం," అంది. అన్నాక, అది నిజమని ఆమెకు తెలిసింది.

"ఇంకొకటి కూడా విను," అన్నాడు పద్మనాభయ్య. "అన్ని నిందలూ నా నెత్తిన పెట్టబాక. హెబ్రోనుకి తెలుసు. మీ అన్న మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పినాడు. చేత్తో తాకొద్దు, గాలి ఆడే చోట కలపమని. హెబ్రోను నవ్వినాడు. ఇంజను కొట్టడం ఆగితే చాలయ్యా, చేతులు సబ్బుతో కడుక్కుంటాలే అన్నాడు. మొదటిసారి ఆ మందు పోసి ఇంజను తిప్పినప్పుడు, ఒక్క దెబ్బ లేకుండా తిరిగింది. హెబ్రోను నన్ను కావిలించుకున్నాడు. ఇంత మంది పనివాళ్ళలో నన్నెవురు కావిలించుకుంటారు? ఆ ఇంజను ముందు మేమిద్దరం ఒకటే నవోమీ. ఒకే బల్ల మీద కూర్చొని టీ తాగినోళ్ళం."

"ఒకటే అయితే, మంచానికి ఒక్కడినే ఎందుకు కట్టేసినారు?"



నవోమికి హెబ్రోను మీద కూడా కోపం వచ్చింది. ఆ మాట దాచడం ఎందుకు? మంచం మీద కళ్ళు తేలేసి పడి ఉన్నా, ఆ క్షణంలో అతను ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేది. తెలిసి చేశాడు. ఇంట్లో పెళ్ళాం ఉంది, బిడ్డ ఉంది, ముసలితల్లి ఉంది. అవేవీ గుర్తుకు రాలేదు, ఒక యంత్రం నున్నగా తిరగడమే గుర్తుకొచ్చింది. ఆ వాసన గురించి తను అడిగినప్పుడు నవ్వాడు. ఆ నవ్వు తల్చుకుంటే ఆమెకు గుండెలు మండిపోయాయి.

అప్పుడామె చూపు పక్క సీటు మీద పడింది. అక్కడ ఒక జత తొడుగులు ఉన్నాయి. మెత్తటి గోధుమరంగు తోలు, వేళ్ళ దగ్గర చిన్న చిన్న కన్నాలు, మణికట్టు దగ్గర గుండీ. కొత్తవి. ఆమె వాటిని చేతిలోకి తీసుకుంది.

"ఇవెందుకయ్యా?"

"స్టీరింగు చేతిలో జారకుండా."

"యాడ కొన్నారు?"

"మద్రాసులో."

"నా మొగుడికి చేతి తొడుగులు కొన్నారా?"

పద్మనాభయ్య చేతిలోని గుడ్డను మడవసాగాడు.

"ఆయన మిమ్మల్ని అడిగినాడా లేదా? నిజం చెప్పండి. మీ అమ్మ ముందు చెప్పండి."

"మీ అన్న ఒక జత రబ్బరువి తెచ్చినాడు. అవి చినిగిపొయినాయి. ఇంకో జత కావాలని హెబ్రోను అడిగినాడు. ఈసారి మద్రాసు పోయినప్పుడు తెస్తానన్నా. పందెం పనుల్లో పడి మర్చిపొయినా."

"మీ చేతులు మర్చిపోలేదు గదా."

ఆమె ఆ తొడుగులను ఆయన మీద విసరలేదు. మెల్లిగా బానెట్టు మీద పెట్టింది. అందరికీ కనపడేట్టు, ఒకదాని పక్కన ఒకటి. కూలీల్లో ఒకడు కాండ్రించి నేల మీద ఉమ్మాడు. పద్మనాభయ్య అటు చూశాడు గానీ ఏమీ అనలేదు. ఆదిశేషమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా," అంది నవోమి ఆమెతో, "ఆసుపత్రికి ఎవురినైనా పంపించండి. డాక్టరమ్మకు ఈ మాట చేరాల. సీసం కలిసిన మందని చెప్తే చాలు."

"ఎవురినో ఎందుకు పంపించేది? నేనే పోతా," అంది ముసలామె. "నా కొడుకు చేసింది నా నోటితో చెప్తా. బండి కట్టమనండ్రా."

"అమ్మా, నువ్వు ఆ ఆసుపత్రికి..." అన్నాడు పద్మనాభయ్య.

"నోరు ముయ్."

*

ఇంక మిగిలింది ఒకటే. మాట చేరడం ఒకటి, వస్తువు చూడడం ఒకటి. డాక్టరమ్మ కళ్ళతో చూస్తేనే నమ్మకం.

"ఆ మందు డబ్బా ఇవ్వండి," అంది నవోమి.

"ఈడ లేదు."

"యాడుంది?"

"పొద్దున్నే మీ అన్న వచ్చి తీసకపొయినాడు. డాక్టరమ్మ ఆరా తీస్తా ఉంది, ఈ షెడ్డులో ఉంటే ప్రమాదమన్నాడు. మిగిలిన మందంతా వేరే డబ్బాలో పోసుకొని పొయినాడు."

"సముద్రంలో పారేసినాడా?"

ఆదిశేషమ్మ కర్ర నేల మీద ఒక్కసారి కొట్టింది.

"చెప్పరా."

"మీ ఇంట్లో పెట్టినాడు," అన్నాడు.

నవోమికి వినపడనట్టే ఉంది. ఆయనే మళ్ళీ చెప్పాడు. ఈసారి మాటలు తొందరగా దొర్లాయి, తొందరగా చెప్పేస్తే బరువు తగ్గుతుందన్నట్టు.

"రేపు ఎవురైనా వెతికితే మీ ఇంట్లో దొరకాలని. హెబ్రోనే దొంగతనంగా తెచ్చుకొని కలుపుకున్నాడని అనుకుంటారు గదా. అతనికి మతి ఎట్టాగూ లేదు, కాదని చెప్పలేడు. మీ అన్న ఉద్యోగం నిలబడతది. నా పేరు బయటికి రాదు. మీ అన్నే అట్టా అన్నాడు, నేను సరేనన్నా."

మంచానికి కట్టేసిన మనిషి. నోట మాట సరిగ్గా రాని మనిషి. ఆ మనిషి నెత్తిన దొంగతనం కూడా కట్టాలనుకున్నారు. కట్టాలనుకున్నవాడు ఆమెతో ఒక తల్లి కడుపున పుట్టినవాడు. నవోమికి ఏడుపు రాలేదు. గట్టిగా కేక పెట్టాలనిపించింది. ఆ కేక బయటికి వస్తే తను కూడా హెబ్రోనులాగా అయిపోతుందని ఆమెకు అనిపించింది. అందుకే అతి మెల్లిగా అడిగింది.

"ఏ డబ్బాలో పోసినాడు?"

"కిరసనాయిలు డబ్బాలో. ఎవురికీ అనుమానం రాదని."

షెడ్డు ముందు నిలబడ్డ ఆడకూలీ ఒకామె, "ఓరి దేవుడా," అంది.

నవోమి ఇంట్లో దీపాలు ముట్టించేది రెబెక్కమ్మ. ఆమెకు రెండు కళ్ళకూ పొరలు కమ్మాయి. డబ్బాను బట్టి నూనె అనుకుంటుంది తప్ప లోపల ఏముందో చూడలేదు. ఆ చిన్న ఇంట్లో ఒక్కటే గది, దీపం వెలిగితే ఆ విషపు పొగ పోయే దారి లేదు. పుష్పకుమారి పడుకునేది ఆ గదిలోనే.

నవోమి స్టీరింగు ముందు నుంచి పక్క సీటులోకి జరిగింది.

"ఎక్కి నడపండి," అంది.

పద్మనాభయ్య తల్లి వైపు చూశాడు. ఆదిశేషమ్మ అప్పటికే బండి వైపు నడుస్తోంది. వెనక్కి తిరక్కుండానే, "పో," అంది. కూలీలు పక్కకు తప్పుకున్నారు. ఆయన తొడుగులు వేసుకోలేదు. అవి బానెట్టు మీంచి జారి కింద పడితే, వాటి మీదుగానే కారు పోయింది.

కొడవలూరు నుంచి విడవలూరుకు కాలువగట్టు వెంబడి రోడ్డు. రెండు పక్కలా కోతకొచ్చిన వరి. ఎద్దులబండ్లు పక్కకు తప్పుకున్నాయి, గేదెలు కాలువలోకి దిగాయి. ఇంజను ఒక్క దెబ్బ కూడా కొట్టలేదు. హెబ్రోను చేతులు కలిపిన మందుతోనే అది నున్నగా, హాయిగా పరుగెత్తుతోంది. ఆ నున్నదనాన్ని నవోమి సహించలేకపోయింది. అది ఒక్కసారి దడదడమని కొట్టుకొని, పగిలి, ఆగిపోతే బాగుండుననిపించింది. మరుక్షణమే, ఇల్లు చేరేదాకా ఆగకుండా ఉంటే చాలుననుకుంది.

"నవోమీ," అన్నాడు పద్మనాభయ్య దారిలో, "నేను కావాలని చెయ్యలేదు. నీకు ఎట్టా చెప్పాలో..."

"మాట్లాడకుండా నడుపు," అంది ఆమె.

పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని ఒక పనివాడి పెళ్ళాం నువ్వని పిలవడం అదే మొదలు. ఆయన నోరు మూసుకొని నడిపాడు.

వాళ్ళు వీధిలోకి వచ్చేసరికి పొద్దు వాలింది. ఇంటి అరుగు మీద రెబెక్కమ్మ ఒక్కతే కూర్చొని ఉంది. ఉపవాసంతో ముఖం పీక్కుపోయింది. కారు చప్పుడు విని, ఎవరొచ్చారో తెలియక, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకొని చూసింది. నవోమి కారు ఆగకముందే దూకింది. లోపలికి పరుగెత్తి, పొయ్యి పక్కన, మంచం కింద, గోలెం వెనక వెతికింది. ఏ డబ్బా లేదు. బయటికొచ్చింది.

"అత్తా, మా అన్న పొద్దున తెచ్చిన డబ్బా యాడ?"

"కిరసనాయిలు డబ్బానా? నవోమీ, నువ్వేనా మే? హెబ్రోను ఎట్టా ఉండాడు?"

"డబ్బా యాడుందత్తా?"

"మనింటికి అంత నూనె ఎందుకు? ఏసుమణి వచ్చి అడిగితే ఇచ్చినా." ఏసుమణి చర్చిలో గంట కొట్టేవాడు. "నా బిడ్డ హెబ్రోను కోసం సంఘమంతా ఈ సాయంత్రం చర్చిలో కూడి ప్రార్థన చేస్తా ఉండారు. పెట్రోమాక్సు లైట్లకి నూనె చాల్లేదన్నాడు. దేవుడి పనికేగదా, మొత్తం తీసకపొమ్మన్నా. నాకు నడవ శక్తి లేక ఈడ కూర్చోనుండా."

"పుష్ప యాడ?"

"పుష్పా ఆడే. తండ్రి కోసం బిడ్డ అడిగితే దేవుడు కాదనడని, ముందు వరసలో కూర్చోబెట్టినారు." రెబెక్కమ్మ గొంతులో కాస్త ఊరట వినిపించింది. "సముద్రపు గాలికి లైట్లు నిలవవని తలుపులన్నీ మూసినారు. వినపడతా ఉందా, పాట ఎత్తుకున్నారు."

నవోమి వీధి చివరికి చూసింది. మూసిన తలుపుల వెనక నుంచి నూరు గొంతుల పాట వస్తోంది. ఆమె చూస్తుండగానే, చర్చి కిటికీ అద్దాల మీద మొదటి లైటు భగ్గుమని వెలిగింది.